ఊరికే సంద్రానికి

పోయిన సంక్రాంతికి మా తమ్ముడు మాల్టా నుంచి నెల్లాళ్ళ సెలవు మీద ఇంటికొచ్చాడు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ఆ రోజంతా ఇంట్లోనే గడిచింది. రాత్రి భోజనాలయ్యాక అందరం అరుగు మీద కూర్చున్నాం. అమ్మ మర్నాటికి చేటలో బియ్యం చూసుకుంటోంది. "రేపు పొద్దున్నే అందరం సంద్రానికెల్దాం" అన్నాడు వాడు. బియ్యంలో తిరుగుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. తలెత్తకుండానే "ఎవురిదిరా?" అంది.

ఎవరి కర్మ అని ఆమె అడిగింది. మాది ఉద్దానంలో వజ్రపుకొత్తూరు మండలం. గాలి తూర్పుకి తిరిగిన రాత్రి పక్క మీద పడుకుంటే కెరటాల హోరు వినబడుతుంది. అంత దగ్గరుండి కూడా మా ఇంట్లో అందరూ కలిసి సముద్రానికి కదిలే సందర్భాలు రెండే. కార్తీకంలోనో మాఘంలోనో పున్నమి స్నానం ఒకటి. ఎవరైనా పోతే అస్థికలు కలపడం రెండోది. అమ్మ ఆఖరుసారి ఆ తడి ఇసుక తొక్కింది నాన్న అస్థికలు కలిపిన రోజు.

"ఎవురిదీ కాదమ్మా. ఊరికే."

"ఊరికే సంద్రానికేటిరా?"

ఆ 'ఊరికే' అప్పట్నుంచీ నా మనసులో మెదులుతూనే ఉంది. మొక్కు లేదు, మునక లేదు, వల లేదు, బేరం లేదు. కూర్చోవడానికని సముద్రం దగ్గరికి వెళ్ళడం మా ఇంటికి అలవాటు లేని పని. ఎవరూ మాకు నేర్పలేదు. అరిసెల పాకం పట్టడం అమ్మ నాకు మాటలతో చెప్పలేదు, పక్కన నిలబెట్టి చూపించింది. సెలవు గడపడం కూడా అలాంటి విద్యేనని, పక్కన నిలబడి చూస్తేనే పట్టుబడుతుందని తమ్ముడి మాటలు వింటుంటే అర్థమైంది. వాడు చూసింది పరాయి దేశంలో.

వాడు వెల్డరు. ఓడల మరమ్మతు యార్డులో పని. పదో తరగతి అయ్యాక ముంబయి వెళ్ళాడు, తర్వాత గల్ఫ్, ఇప్పుడు మాల్టా. ఉద్దానంలో ఏ వీధిలో అడిగినా ఇలాంటి దారి చెప్పే కుర్రాడు ఒకడుంటాడు. మాల్టా మధ్యధరా సముద్రంలో, ఇటలీకి దక్షిణాన ఉన్న ద్వీప దేశం. మొత్తం కలిపి 316 చదరపు కిలోమీటర్లు. జనం ఐదున్నర లక్షలు. 2024లో అక్కడికి సెలవులకు వచ్చినవాళ్ళు 35 లక్షలు దాటారు. వెళ్ళిన మొదటి వేసవిలో ఒక ఆదివారం వీడియో కాల్ చేసి తీరం చూపించాడు. చాలాచోట్ల ఇసుక కూడా ఉండదట, గోధుమ రంగు సున్నపురాతి పలకలు. వాటి మీద తువ్వాళ్ళు పరుచుకుని వందల మంది ఎండలో పడుకుని ఉన్నారు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "ఆళ్ళకి నీడ లేదేటిరా?" అని అడిగింది. ఎండ కోసమే వచ్చారమ్మా, విమానం టిక్కెట్లు కొనుక్కుని వచ్చారు అని వాడు చెప్తే, ఆమెకి ఆ మాట ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఉత్తర ఐరోపాలో చలికాలం మధ్యాహ్నం మూడున్నర, నాలుగింటికే పొద్దు వాలిపోతుంది. ఆర్నెల్లు మబ్బు కింద బతికినవాళ్ళకి వెచ్చటి ఎండ మందులాంటిది. మధ్యధరా ప్రాంతంలో వానలు శీతకాలంలో పడతాయి. వేసవి పొడిగా, ఆకాశం నీలంగా ఉంటుంది. సముద్రానికి ఆటుపోట్లు చాలా తక్కువ, వేసవిలో చెరువులా నిలిచి ఉండే రోజులే ఎక్కువ. ఇవన్నీ ప్రకృతి ఇచ్చినవి. వాటితోపాటు చట్టం ఇచ్చింది ఇంకొకటుంది. 1936లో ఫ్రాన్సులో కార్మికులకి ఏటా రెండు వారాలు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని చట్టం చేశారు. ఆ వేసవిలోనే ఎంతోమంది కూలీలు, ఫ్యాక్టరీ ఆడవాళ్ళు జీవితంలో మొదటిసారి సముద్రాన్ని చూశారు. నాకు ఆ ద్వీపాల ఎండకన్నా ఈ ముక్కే ఎక్కువ నచ్చింది. సముద్రం ఎప్పట్నుంచో అక్కడే ఉంది. కూలీ మనిషి దాని ఒడ్డున కూర్చోవాలంటే ఆ రోజు కూలి పోకుండా ఉండాలి.

తమ్ముడి భార్య, మా మరదలు, కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీకి వెళ్తుంది. కిలోల లెక్కన కూలి. ఎన్ని కిలోల పిక్కలు కొడితే అంత. సముద్రానికి వెళ్దామని తమ్ముడనగానే ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ముక్కనుమకి పనుంది కదా వదినా" అని. మాల్టా నుంచి వచ్చినవాడికి నెల్లాళ్ళ జీతంతో సెలవుంది. ఇంట్లో ఉన్న మనిషికి ఒక్క రోజు లేదు. మన దేశంలోనూ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్ళకి, ఇరవై రోజులకి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు రాసింది. ఆ రాత మా మరదలి దాకా రాలేదు. ఆ రోజు కూలి పోగొట్టుకునే మాతో వచ్చింది. ఈ మాట ఇక్కడ గట్టిగా రాయాలనిపించింది.

మా ప్రాంతంలో సెలవంటే ఊరు వెళ్ళడం కాదు, ఊరికి రావడం. రంగం వెళ్ళినవాళ్ళ కాలం నుంచీ ఇంతే. రంగూన్‌ని మా తాతలు రంగం అనేవారు. బారువ రేవులో, కళింగపట్నం రేవులో ఆవిరి ఓడలు ఆగేవి. రంగంలోని మిల్లుల్లో, రేవుల్లో కూలిపని చేసి, పెళ్ళికో పండక్కో వచ్చి, మళ్ళీ ఓడెక్కేవారు. 1917లో బారువ దగ్గర చిల్కా అనే ఓడ మునిగింది. ఆ సంగతి ఇప్పటికీ తీరం వెంబడి చెప్పుకుంటారు. ఓడలు పోయి రైళ్ళొచ్చాయి, రైళ్ళ తర్వాత విమానాలు. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు పలాస స్టేషనులో నిలబడితే ఒక్కో బండి నుంచి ఎంత మంది దిగుతారో! చేతిలో సూట్‌కేసు, భుజం మీద పిల్ల, కళ్ళల్లో నిద్ర. వాళ్ళ సెలవంతా ఇంటి కప్పు బాగుచెయ్యడానికి, అప్పు తీర్చడానికి, చెల్లెలి సంబంధం చూడడానికి, గ్రామదేవత సంబరానికి సరిపోతుంది. విశ్రాంతి తీసుకోవడానికి దానిలో రోజు మిగలదు.

మాల్టా వాళ్ళదీ ఒకప్పుడు ఇదే కథట. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బతుకుతెరువు కోసం వేలమంది ఆస్ట్రేలియా ఓడలెక్కారు. వేసవిలో ఊరూరా సెయింటుల పండగలు చేస్తారు, బాణసంచా కాలుస్తారు. ఆ పండగలకి ఆ వలసపోయినవాళ్ళ కుటుంబాలు ఇప్పటికీ వస్తాయి. తమ్ముడు అలాంటి పండగ ఒకటి చూసి, "అప్పా, మన అమ్మోరి సంబరంలాగే ఉంది, పేర్లే వేరు" అని ఫోన్ చేశాడు. అక్కడి చేపల పడవల ముక్కు మీద రెండు కళ్ళు వేస్తారని, అవి దారి చూపిస్తాయని నమ్ముతారని చెప్పాడు. మన పడవ ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టినట్టే.

సెలవుకి రావడం అనేది మనుషుల కంటే బాగా తెలిసినవాళ్ళు టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఉన్నారు. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు. వానాకాలం చివర్లో వచ్చి, ఊళ్ళోని చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లలకి రెక్కలొచ్చాక వేసవి ముదరకముందే వెళ్ళిపోతాయి. ఆ ఊరివాళ్ళు వాటిని ఆడపడుచులంటారు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లని చూసినట్టే చూస్తారు. రెట్ట వాసన, పెరట్లో పడే చేప ముక్కలు, రాత్రంతా కూతలు, ఏదీ వాళ్ళకి ఫిర్యాదు కాదు. వచ్చినవాళ్ళకి ఆ ఊరు హక్కుగా అనిపించాలి, ఉన్నవాళ్ళకి ఆ రాక భారం కాకూడదు. అతిథులని చూసుకోవడం గురించి నేను చదివిన పుస్తకాలేవీ ఆ చింతచెట్ల కింద నిలబడి తెలుసుకున్నంత చెప్పలేదు.

ముక్కనుమ నాడు తెల్లవారగానే రెండు ఆటోల్లో అక్కుపల్లి వెళ్ళాం. అక్కడి తీరానికి శివసాగర్ బీచ్ అని పేరు. దారి పొడవునా జీడితోటలు. జనవరి కాబట్టి కొమ్మల చివర్ల ఎర్రటి లేత చిగుళ్ళు, వాటి మధ్య చిన్న చిన్న పూలు. ఆకాశం కడిగినట్టుంది, పడమటి దిక్కున కొండలు నీలంగా కనిపిస్తున్నాయి. మా వైపు ఏడాదిలో ఇంతకన్నా మంచి రోజులుండవు. మాల్టా వాళ్ళకి ఎండ కాసే జులైలో మాకు వానలు, వాళ్ళకి వానలు పడే జనవరిలో మాకు లేత ఎండ. అక్టోబరు, నవంబరు మాత్రం మాకు గుబులు నెలలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. నిలువెత్తు కొబ్బరిచెట్లు మొదలంటా కూలిపోయాయి. ఒక్క రాత్రిలో ఉద్దానానికి నీడ పోయింది. ఆ తర్వాత పాతిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. మేము చాపలు పరిచింది అలాంటి ఒక కుర్ర తోట నీడలో. అరిసెలు, జంతికలు, పెరుగన్నం, రెండు క్యాన్ల నీళ్ళు.

అమ్మ నేరుగా నీళ్ళ దగ్గరికి వెళ్ళింది. కొంగున కట్టి తెచ్చుకున్న పసుపు కుంకుమ గంగమ్మకి వేసి దండం పెట్టింది. ఊరికే వచ్చినా ఊరికే చూడలేదామె. తర్వాత చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని చీలమండలు మునిగేదాకా నిలబడింది. కెరటం వెనక్కి వెళ్ళేటప్పుడు పాదాల కింద ఇసుక జారుతుంటే ఒక్కో వేలూ బిగించి పట్టుకోవడం నేను చూశాను. ఆమె ఏం తలుచుకుంటోందో అడగలేదు. నాన్నని వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి పలాస తీసుకెళ్ళిన రోజుల్లో మిగిలిన నాలుగు రోజులూ ఆ అలసట తీర్చుకోవడానికే చాలేవి కాదు. అప్పుడు ఇలాంటి పొద్దు ఒక్కటీ ఆయనకి ఇవ్వలేకపోయాం.

తమ్ముడికి ఈత వచ్చు. మాల్టాలో ప్రతి ఆదివారం ఈదేవాడు. కొంచెం దక్షిణంగా ఒకచోట కెరటాలు లేకుండా నీళ్ళు నున్నగా ఉన్నాయని, అటు దిగబోయాడు. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన కేకేశాడు. వీడు వెనక్కొచ్చాక కూర్చోబెట్టి చెప్పాడు.

"కెరటం ఇరగని కాడ దిగకూడదు బాబూ. ఒడ్డు మీదికొచ్చిన నీరంతా ఆ దారినే లోనికెల్లిపోతాది. తెల్లగా ఇరుగుతున్న కాడే మునగాల."

"లాగీస్తే ఏటి సెయ్యాల తాతా?"

"ఒడ్డుకేసి ఈదీకు. అలిసిపోతావు. ఒడ్డు ఎంబడే పక్కకి ఈదు. లాగుడు తప్పిపోయినాక అప్పుడు రా."

ఆ రెండు ముక్కలు ప్రతి తీరంలో పెద్ద అక్షరాలతో రాయించాలి. కార్తీకం వచ్చిందంటే స్నానాలకి దిగి కొట్టుకుపోయిన పిల్లల వార్త మా జిల్లా పేజీలో ఏటా ఒకటైనా వస్తుంది. మధ్యధరా సముద్రం దిగినవాణ్ణి కొంత క్షమిస్తుంది. మన బంగాళాఖాతం ఒడ్డు లోతు, కెరటం బరువు. దాన్ని చదవడం వచ్చినవాళ్ళు జాలరులు, వాళ్ళ పక్కన నిలబడకుండా ఇక్కడ సెలవు గడపడం నేర్చుకోలేం. తీరాన్ని అభివృద్ధి చేస్తామనేవాళ్ళు ముందు అలాంటి పెద్దలకి నెలజీతం ఇచ్చి ఒడ్డున కూర్చోబెట్టాలి.

కాసేపటికి అలివి వల లాగడం మొదలైంది. రెండు తాళ్ళు, ఒక్కోదానికి పది పన్నెండు మంది. మా పిల్లలు తాడు చివర పట్టుకుని వాళ్ళ అడుగుకి అడుగు వేశారు. వల ఒడ్డుకొచ్చేసరికి సంచి అడుగున కవళ్ళు వెండి బిళ్ళల్లా తళతళలాడుతున్నాయి. అనుకున్నంత పడలేదని వాళ్ళ మొహాల్లోనే తెలిసింది. అయినా పిల్లలు లాగినందుకు వాటా అని దోసెడు చేపలు ఇచ్చారు. అమ్మ ఊరుకోలేదు, అరిసెల డబ్బా మొత్తం వాళ్ళ చేతిలో పెట్టింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకి వేట నిషేధమని వాళ్ళు చెప్పారు. చేపలు గుడ్లు పెట్టే కాలం. సముద్రానికి కూడా సెలవుందని మా మేనకోడలు అప్పుడే కనిపెట్టినట్టు సంబరపడింది.

నీళ్ళ క్యాన్ల మాట చెప్పాలి. రెండేళ్ళ కిందట హైదరాబాదు నుంచి తెలిసినవాళ్ళు పిల్లలతో మా ఇంటికొచ్చారు. గుమ్మంలోకి రాగానే అమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చి, రాగిచెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. ఆ తల్లి చెంబు అందుకోలేదు. సంచిలోంచి సీసా తీసి పిల్లలకి పట్టింది. ఆమె తప్పు లేదు. ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. దానికి కారణం ఇదేనని శాస్త్రవేత్తలు ఇంకా ఒక మాట మీదికి రాలేదు, నీళ్ళమీద అనుమానం మాత్రం జనం గుండెల్లో నాటుకుపోయింది. అమ్మ చెంబుని రెండు చేతులతో అలాగే పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత ఇంటికెవరొచ్చినా ముందు బొండాం కొట్టిస్తుంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు గొట్టాల్లో తెచ్చే 700 కోట్ల పథకాన్ని కూడా అదే రోజు ప్రారంభించారు. మాల్టాలో నదులే లేవు. అక్కడి కుళాయి నీళ్ళలో సగానికి పైగా సముద్రపు నీళ్ళని ఉప్పు తీసి శుద్ధి చేసినవి. అన్ని లక్షలమందిని పిలిచేముందు వాళ్ళు నీళ్ళ ఏర్పాటు చూసుకున్నారు. ఉద్దానంలో ప్రతి ఇంటి కుళాయికీ ఆ వంశధార నీళ్ళు ఏడాది పొడవునా ఆగకుండా రావాలి. అమ్మ చెంబుని చుట్టం నిశ్చింతగా అందుకున్న రోజు నేను ఎవరినైనా మా తీరానికి పేరుపెట్టి పిలుస్తాను.

ఈ తీరానికి ఇప్పుడు చాలా వస్తున్నాయి. సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టు కడుతున్నారు. రిసార్టుల మాటలూ వినబడుతున్నాయి. పని దొరుకుతుందంటే నాకు సంతోషమే, మా తమ్ముడు ఇక్కడే వెల్డింగు చేసుకునే రోజు కోసం అమ్మ కంటే నేనే ఎక్కువ ఎదురుచూస్తున్నాను. కానీ స్పెయిన్‌కి చెందిన మయోర్కా ద్వీపంలో 2024 జులైలో వేలమంది పాల్మా నగర వీధుల్లోకి వచ్చారు. ఊళ్ళో ఇళ్ళు సెలవులకొచ్చేవాళ్ళకి గదులైపోయి తమకి అద్దె ఇళ్ళు అందడం లేదని వాళ్ళ బాధ. సొంత తీరంలో తామే పరాయివాళ్ళయ్యారు. మేమింకా మా తీరాన ఊరికే కూర్చోవడం మొదలే పెట్టలేదు. మొదలుపెట్టకుండానే ఆ చోటు చెయ్యి జారకూడదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు గవ్వలేరడానికి వెళ్ళారు. అమ్మ కొబ్బరిచెట్టుకి వీపు ఆన్చి కూర్చుంది. మాల్టాలో చాలా దుకాణాలు మధ్యాహ్నం మూసేస్తారని, నాలుగు దాటాక మళ్ళీ తెరుస్తారని తమ్ముడు ఏదో చెప్తున్నాడు. "ఇదిగో ఇలగే" అంటూ పక్కకి చూసి ఆగిపోయాడు. మరదలు చాప మీద ఒత్తిగిలి నిద్రపోయింది. కుడిచేయి ఇసుకలో వాలి ఉంది. జీడిపిక్క రసం తగిలి నల్లబడిన వేళ్ళు, చూపుడువేలు పక్కన మానిన పాత పుండు మచ్చ, గోళ్ళ చుట్టూ పొరలు లేచిన చర్మం. ఆమె పెళ్ళయి మా ఇంటికొచ్చి పన్నెండేళ్ళు. పగటిపూట ఆమె నిద్రపోవడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"లేపకండే" అంది అమ్మ, పిల్లలు పరుగున వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి.

పొద్దు పడమటికి వాలే కొద్దీ కొబ్బరి నీడ చాప మీంచి జారిపోతోంది. తమ్ముడు ఆటోలోంచి గొడుగు తెచ్చి ఆమె మొహం మీద ఎండ పడకుండా ఇసుకలో గుచ్చాడు. గాలికి అది నిలవలేదు. పక్కనే గొంతుక్కూర్చుని కర్ర పట్టుకున్నాడు. నీడ కదిలినప్పుడల్లా గొడుగుని కొంచెం కొంచెం జరుపుతూ, ఆమె లేచేదాకా అలాగే కూర్చున్నాడు.